కావడి మీద కుంపటి

మా తమ్ముడు ఉద్యోగరీత్యా మూడేళ్ళు హనోయిలో ఉన్నాడు. "అక్కా, నువ్వూ బావగారూ ఒక్కసారి వచ్చి వెళ్ళండి" అని పోరగా పోరగా, 2024 నవంబరులో ఎలాగో బయల్దేరాం. కొత్త ఊరెళ్తే గుళ్ళూ, కోటలూ, మ్యూజియాలూ చూసి రావడం మనకందరికీ అలవాటే కదా! నేనూ ఓ జాబితా రాసుకునే వెళ్ళాను. కాని మొదటిరోజు మధ్యాహ్నమే, పాత బజార్లో ఒక సందు మలుపు దగ్గర, పొగ కళ్ళలో పడి ఆగిపోవలసి వచ్చింది.

బొగ్గుల కుంపటి. దాని ముందు చిన్న పీట మీద ఒకావిడ కూచుంది. ఏభై దాటి ఉంటాయి. ఒక చేత్తో వెదురు విసనకర్రతో విసురుతోంది, రెండో చేత్తో నిప్పుల మీది పుల్లలు తిరగేస్తోంది. మన చీకుల బండి దగ్గర ఇనప చువ్వలుంటాయే, అవి కావు. పచ్చివెదురు బద్దని నడిమికి చీల్చి, ఆ చీలికలో పందిమాంసం ముక్కల్ని వరసగా ఇరికించి, కొస బిగించి నిప్పుల మీద పెడతారు. కొవ్వు కరిగి బొగ్గుల మీద చుక్క పడ్డప్పుడల్లా చుయ్ మని పొగ లేస్తుంది. ఆ పొగే ఆవిడకి బోర్డు, ఆ పొగే ప్రచారం. వీధి ఆ చివర ఆఫీసుల్లో వాళ్ళకి భోజనాల వేళైందని తెలిసేది ఆ పొగతోనేనట!

"చి! చి!" అని పిలిచాడు మా తమ్ముడు. నేను ఉలిక్కిపడి వాడి చెయ్యి గిల్లాను. అంత పెద్దావిణ్ణి పట్టుకుని ఛీ అంటావేమిట్రా అని. వాడు పడీ పడీ నవ్వాడు. వియత్నాం భాషలో 'చి' అంటే అక్క. ముక్కూ మొహం తెలీని వాళ్ళని కూడా అక్కా, అన్నా, పిన్నీ, పెదనాన్నా అని వరస కలిపే పిలుస్తారు వాళ్ళు. ఎదటి మనిషి వయసు చూసి వరస తేల్చుకోకపోతే అసలు మాటే సాగదు. ఈ సంగతి వినగానే ఆ ఊరు నాకు సగం పరాయితనం పోయింది.

ఆ వంటకం పేరు బున్ చా. 'బున్' అంటే బియ్యప్పిండితో, మన జంతికల గొట్టంలాంటి దానిలోంచి వేణ్ణీళ్ళలోకి ఒత్తి తీసిన తెల్లటి సేమ్యా. 'చా' అంటే ఆ కాల్చిన మాంసం. పుల్లనుంచి ఊడదీసిన ముక్కల్ని ఒక గిన్నెడు పల్చటి రసంలో వేసి ఇస్తారు. ఆ రసంలో చేపలసారం, వెనిగర్, పంచదార, వెల్లుల్లి, మిరపకాయ ముక్కలు, ఇంకా పచ్చిబొప్పాయి బిళ్ళలు ఉంటాయి. పక్కన ఓ తట్టెడు ఆకులు. పుదీనా, కొత్తిమీర నాకు తెలుసు. తక్కినవాటిలో వంగపండు రంగుది ఒకటి ఎంత బాగుందో! ఆకుల తట్ట మధ్యన, సేమ్యా పళ్ళెం మధ్యన. నలుగురూ నాలుగు వైపులనుంచీ తీసుకోవడమే. జానెడు ఎత్తు ప్లాస్టిక్ పీటలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ కూచోవాలి. మా బల్ల దగ్గరే ఇద్దరు ఆఫీసు అమ్మాయిలూ, ఒక ముసలాయనా సర్దుకుని కూచున్నారు. ఎవరి ఆకులెవరివో తెలీలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు.

నేను మాంసం ముట్టను. ఆ చేపలసారం సంగతి వినగానే చేతులు కడుక్కుని కూచుందామనుకున్నాను. తమ్ముడు "అన్ చాయ్" అన్నాడు, అంటే శాకాహారమని. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. పౌర్ణమికీ, నెల మొదటి రోజుకీ మాంసం మానేసేవాళ్ళు ఆ దేశంలో ఇప్పటికీ బోలెడుమంది. బౌద్ధం నేర్పిన అలవాటు. పక్క కొట్టునుంచి వేయించిన సోయా గడ్డలు తెప్పించి, సోయాసారంలో నిమ్మకాయ పిండి నా ముందు పెట్టింది. అదే సేమ్యా, అవే ఆకులు. మావారు మాత్రం పందిమాంసం రెండు పుల్లలు లాగించి, "ఈ సంగతి మా అమ్మకి చెప్పకు" అన్నారు. ఇప్పుడిలా చెప్పేశాననుకోండి.

సరే, చరిత్ర చెబుతానని తిండిగోల మొదలెట్టానని మీరనుకోకముందే అసలు విషయానికొస్తాను. ఆ పీట మీద కూచున్నప్పుడు నాకొక సందేహం కలిగింది. ఆ వీధిలో వండుతున్నదీ, అమ్ముతున్నదీ, కావడి మోస్తున్నదీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఇది ఈనాటి సంగతా, పూర్వంనుంచీ ఇంతేనా? ఇంటికొచ్చాక దొరికిన పుస్తకాలు దొరికినట్టు చదివాను.

పూర్వంనుంచీ ఇంతేనట. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1688లో ఉత్తర వియత్నాం వెళ్ళాడు. అప్పట్లో దాన్ని టోంకిన్ అనేవారు. తన ప్రయాణం గురించి 1699లో పుస్తకం అచ్చేశాడు. ఆ రాజధానిలో, అంటే ఈనాటి హనోయిలోనే, డబ్బు మార్చే వ్యాపారం ఆడవాళ్ళ చేతిలో ఉండడం చూసి ప్రత్యేకంగా రాసుకున్నాడు. చేపల్ని ఊరబెట్టి తీసే ఆ సారాన్నీ రుచి చూశాడు. అక్కడుండే తెల్లవాళ్ళు కూడా దాన్ని మెచ్చుకుంటారన్నాడు. దాని పేరు నువాక్ మామ్. మన జాడీలో ఊరగాయ ఊరినట్టే, చిన్న చేపల్నీ ఉప్పునీ పెద్ద పెద్ద చెక్క పీపాల్లో కలిపి ఏడాది పాటు ఊరబెట్టి, కిందికి దిగిన తేటను పట్టుకుంటారు. అది లేకుండా ఆ కాల్చిన మాంసం లేదు. మాంసాన్ని ముందుగా నానబెట్టడానికీ అదే, తినేటప్పుడు ముంచుకోవడానికీ అదే. దానికి తోడు పంచదారను నల్లబడేదాకా ముదరపాకం పట్టి కాస్త కలుపుతారు. కుంపటి మీద ముక్కకి ఆ ఎర్రటి నిగారింపు వచ్చేది అందుకే.

ఫ్రెంచివాళ్ళు వచ్చి దేశాన్నాక్రమించుకున్నాక, 1897 నుంచి 1902 దాకా పాల్ డూమే అని ఒక గవర్నర్ జనరల్ ఉండేవాడు. ఖజానా నింపడానికి ఆయన పట్టుకున్నవి మూడు: సారా, నల్లమందు, ఉప్పు. మూడింటి మీదా సర్కారుకే గుత్తాధికారం. సారా, నల్లమందు మానుకోవచ్చు. ఉప్పెవరు మానుకుంటారమ్మా? సముద్రపొడ్డునున్న బెస్తవాడు ఎదురుగా ఎండుతున్న ఉప్పును తాకడానికి లేదు, సర్కారు చెప్పిన ధరకి కొనుక్కోవాలి. ఉప్పు ధర ఎన్నో రెట్లు పెరిగింది. ఉప్పు పెరిగితే నువాక్ మామ్ పెరిగింది, అది పెరిగితే వీధిలో కావడి దించుకుని కూచున్న ఆడమనిషి లాభం కరిగింది. 1930లో గాంధీగారు దండికి ఎందుకు నడిచారో మనకి చిన్నప్పుడే చెప్పారు కనక ఇది నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో విచిత్రం చూడండి. దక్షిణ తీరంలో ఫాన్ థియెట్ అనే ఊళ్ళో, 1906లో కొందరు దేశభక్తులైన పండితులు లియెన్ థాన్ అని ఒక కంపెనీ పెట్టారు. ఏం కంపెనీ అనుకుంటున్నారు? నువాక్ మామ్ కంపెనీయే! ఆ లాభాలతో ఒక బడి నడిపారు. 1910లో ఆ బడిలో పాఠాలు చెప్పిన కుర్ర మాస్టారు మరుసటేడు సైగాన్ రేవులో ఒక ఫ్రెంచి ఓడలో వంటసహాయకుడిగా చేరి దేశం దాటాడు. కూరలు తరిగాడు, గిన్నెలు తోమాడు. ఆయనే తర్వాత హో చి మిన్. వంటిల్లంటే చులకనగా చూసే మగవాళ్ళకి ఈ ముక్క చెప్పండి.

రేడియోతో పదేళ్ళ పరిచయమున్నదాన్ని కనక నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. 1929లో హనోయిలో ఫ్రెంచివాళ్ళు ఒక పుస్తకం వేశారు. వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళ కేకల గురించి! ఎవరు ఏ రాగంలో అరుస్తారో స్వరాలు కట్టి, పక్కన వాళ్ళ బొమ్మలు గీయించి మరీ వేశారు. ఆ బొమ్మలు గీసింది అక్కడి చిత్రకళా పాఠశాల విద్యార్థులు. కావడికి ఒక వైపు కుంపటీ, గిన్నే. రెండో వైపు ఆకులూ, పాత్రలూ. నడుస్తూ నడుస్తూ ఎక్కడ పిలిస్తే అక్కడ దించితే అదే హోటలు. మన వీధుల్లోనూ ఒకప్పుడు గొంతుని బట్టి ఎవరొచ్చారో వంటింట్లోంచే పోల్చుకునేవాళ్ళం కదా! ఆ గొంతులకి ఎవరూ స్వరాలు కట్టలేదు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ ప్రసంగం ఎందుకు రాశానో మీకు తెలీదు. మా అమ్మమ్మ ముప్ఫై రెండో ఏట తాతగారు పోయారు. ముగ్గురు పిల్లలు. రెండేళ్ళు చూసి, ఎవరూ ఆదుకునేట్టు లేరని తేలాక, ఆవిడ వీధరుగు మీద కుంపటి పెట్టుకుని సాయంత్రాలు అట్లు పోసి అమ్మింది. పధ్నాలుగేళ్ళు. ఆ అట్ల మీదే మా అమ్మా, మావయ్యలూ పెరిగారు. కాని మా ఇంట్లో ఆ మాట ఎత్తేవారు కారు. నాకు సంబంధాలు చూసేటప్పుడు "అమ్మమ్మగారు ఏం చేసేవారు?" అని పెళ్ళివారడిగితే, "పొలం చూసుకునేది" అని చెప్పింది మా అమ్మ. గజం పొలం కూడా లేదు మాకు. నేను పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. హనోయిలో ఆ పొగ కళ్ళలో పడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ అబద్ధమే.

సరే, మళ్ళీ వియత్నాం సంగతికి. 1944 చివరనుంచి 1945 దాకా ఉత్తర వియత్నాంలో ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు యుద్ధం. ఊళ్ళో జపాను సైన్యం, కుర్చీలో ఫ్రెంచివాళ్ళు. రైతు దగ్గర ధాన్యం బలవంతంగా లాక్కున్నారు. వరి వేసుకునే చేలల్లో జనుము వేయించారు. తుఫాన్లు పంటను పాడుచేశాయి. దక్షిణాన ధాన్యం ఉన్నా, బాంబులకి రోడ్లూ రైలు పట్టాలూ తెగి ఉత్తరానికి రాలేదు. ఎంతమంది పోయారో లెక్క ఈనాటికీ తేలలేదు. నాలుగు లక్షలన్నవారున్నారు, ఇరవై లక్షలన్నవారున్నారు. 1945 సెప్టెంబరు 2న స్వాతంత్ర్యం ప్రకటిస్తూ హో చి మిన్ ఇరవై లక్షల పైమాటేనన్నారు. అంతకు రెండేళ్ళ ముందే మన బెంగాల్లో జరిగిందీ ఇలాంటిదే. పల్లెలనుంచి జనం హనోయి వీధుల్లోకొచ్చి, ఆ అరుగుల మీదే కూలిపోయారు. అంతకు ముందు పుల్లలు కాల్చిన చోట్లే అవి.

తొమ్మిదేళ్ళ పోరాటం తరవాత 1954లో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, జెనీవాలో ఒప్పందం కుదిరింది, దేశం రెండు ముక్కలైంది. ఆ ఒప్పందం అమలు చూడడానికి వేసిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత మన భారతదేశానిదే. ఆ అక్టోబరులోనే నెహ్రూగారు హనోయి వెళ్ళొచ్చారు కూడా. గడువులోగా ఎటు కావాలంటే అటు వెళ్ళొచ్చునన్నారు. ఎనిమిది లక్షలకు పైగా జనం ఉత్తరంనుంచి దక్షిణానికి తరలిపోయారు. మూటల్లో ఏం పట్టుకెళ్ళారో గాని, చేతుల్లో వంట పట్టుకెళ్ళారు. అలా బున్ చా సైగాన్ చేరింది. సైగాన్‌కీ తనదంటూ ఓ కాల్చిన పందిమాంసం ఉంది. దాన్ని నూకలన్నంతో తింటారు, కమ్ తామ్ అంటారు. మిల్లులో విరిగిపోయిన నూకలు బీదవాళ్ళ పాలు కదా, అక్కడా అంతే. ఇప్పుడా నూకలకే మంచి గిరాకీ. మనవాళ్ళు ఆయుష్షు తీరిందనడానికి నూకలు చెల్లాయంటారు. ఆ ఊళ్ళో మాత్రం అవి చెల్లేట్టు లేవు.

అలా వెళ్ళినవాళ్ళలో వూ బాంగ్ అని ఒక రచయిత. భార్యనీ కొడుకునీ హనోయిలో వదిలి సైగాన్ వెళ్ళాడు. సరిహద్దు మూసుకుపోయింది. ఇక రావడానికీ లేదు, పిలిపించుకోవడానికీ లేదు. ఆయన ఏం చేశాడంటే, హనోయి తిండి మీద పుస్తకం రాశాడు, 1960లో అచ్చయింది. ఆ తరవాత ఏడాదిలో పన్నెండు నెలలనీ ఒక్కొక్క నెలగా తలుచుకుంటూ, ఆ నెలలో హనోయిలో ఏ పువ్వు పూస్తుందో, ఏ పండొస్తుందో, ఇంట్లో ఆవిడ ఏం వండేదో రాసుకుంటూ మరో పుస్తకం మొదలెట్టాడు. పదకొండేళ్ళు పట్టింది పూర్తి చెయ్యడానికి. ఈలోగా 1967లో భార్య పోయింది. పుస్తకం ఆవిడకే అంకితమిచ్చాడు. ఆవిడ పేరు క్వీ. 1984లో ఆయన పోయాక ఎప్పుడో, 2000లో గాని బయటపడలేదు, ఆయన ఉత్తరం తరఫున రహస్య పని మీదే సైగాన్‌లో ఉన్నాడని. దేశం కోసం చేశాడు, నిజమే. కాని ఆ పదమూడేళ్ళూ క్వీ ఎవరికి వండింది, ఎలా వండింది? నాకు మాత్రం పుస్తకం రాసినాయన కన్నా ఆవిడ మీదే మనసు పోయింది.

ఉత్తరంలో అప్పటికే రేషను మొదలైంది. 1975లో యుద్ధం ముగిశాక దేశమంతటికీ వచ్చింది. ఆ కాలాన్ని బావో కప్ అంటారు. అన్నీ సర్కారే ఇస్తుందనే కాలం. బియ్యానికి పుస్తకం, గుడ్డకి కూపను, మాంసానికి కూపను. మామూలు ఉద్యోగికి నెల మొత్తానికీ వచ్చే మాంసం కొన్ని వందల గ్రాములు. తెల్లవారుజామునే వెళ్ళి, నిలబడే ఓపిక లేకపోతే ఒక ఇటుక మీద పేరు రాసి వరసలో పెట్టి వచ్చేవారట. ఇటుకల వరస! దిగులుగా ఉన్నవాణ్ణి చూసి "రేషను పుస్తకం పోగొట్టుకున్న మొహం" అనడం ఆ భాషలో సామెతైపోయింది. కిరోసిన్ క్యూలో నిలబడ్డ మన తల్లుల్ని తలుచుకుంటే ఆ మొహం ఎలా ఉంటుందో వేరే బొమ్మ గీయక్కర్లేదు.

ఆ రోజుల్లో మాంసం కొట్టు ముందు ఆడవాళ్ళు కొవ్వుముక్కే ఇమ్మని బతిమాలుకునేవారట. చియ్య ఒక పూటతో సరి. కొవ్వయితే కరిగించి సీసాలో పోసుకుంటే నెల్లాళ్ళు కూరల్లోకి వస్తుంది. ఇంటి ఇల్లాలి లెక్క అది. సర్కారీ హోటళ్ళలో ఫో అనే పులుసు సేమ్యాలో మాంసం ఉండేది కాదు. దానికి జనం "పైలట్ లేని ఫో" అని పేరు పెట్టారు, అమెరికావాళ్ళు మనిషి లేకుండా పంపే విమానాలుండేవి కదా, అలాగన్నమాట. బాంబులు పడుతున్నా నవ్వడం మానలేదు చూశారా!

ఇంకా నవ్వొచ్చేదీ, నవ్వలేనిదీ ఒకటుంది. జీతాలు చాలక హనోయిలో నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు వాటాల్లో, స్నానాల గదుల్లో పందుల్ని పెంచారు. లెక్చరర్లు, డాక్టర్లు, ఆఫీసర్లు, అందరూనూ. కాలేజీలో పాఠం చెప్పొచ్చి, బకెట్టుతో కుడితి కలపడం. "ప్రొఫెసరుగారు పందిని పెంచుతున్నారట" అంటే, "కాదు, పందే ప్రొఫెసరుగార్ని పెంచుతోంది" అని చెప్పుకునేవారట. ఆ పంది అమ్ముడుపోతే పిల్లలకి చలికోట్లు, ముసలివాళ్ళకి మందులు. మనకి పంది అంటే తిట్టు. అక్కడ పంది కళ. హనోయికి దగ్గర్లోనే దోంగ్ హో అనే ఊళ్ళో చెక్క అచ్చులతో బొమ్మలు వేస్తారు. కొత్త సంవత్సరానికి గోడకి అంటించుకునే ఆ బొమ్మల్లో పిల్లలతో ఉన్న తల్లిపంది ముఖ్యమైనది. ఇంటినిండా పిల్లాపాపా, సిరీ సంపదా ఉండాలని. నేనొకటి కొని తెచ్చాను. మా అత్తగారికి భయపడి హాల్లో పెట్టలేదు, నా బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను.

1986 డిసెంబరులో ప్రభుత్వం దారి మార్చుకుంది. దోయి మోయి అన్నారు దాన్ని. సొంత వ్యాపారాలు చేసుకోవచ్చునన్నారు. మెల్లగా కూపన్లు పోయాయి, వీధుల్లోకి మళ్ళీ కుంపట్లొచ్చాయి. ముప్ఫై ఏళ్ళు దాక్కుని, అక్కడక్కడ చాటుగా బతికిన చేతివాటం మళ్ళీ బయటపడింది. ఈ మధ్యలో ఆ రుచి మరిచిపోకుండా కూతుళ్ళకి చెప్పినవాళ్ళెవరు? ఆ వంటని కాపాడింది పుస్తకాలు కాదు. థాక్ లామ్ అనే మహారచయిత హనోయి వీధుల మీద రాసిన పుస్తకంలో బున్ చాని మెచ్చుకున్నాడు, అది 1943లో అచ్చయింది. కాని ఉప్పెంతో, పాకం ఎప్పుడు దించాలో ఆయన రాయలేదుగా!

హనోయినుంచి రైల్లో దక్షిణంగా సముద్రం పక్కనే పోతే న్యా ట్రాంగ్ వస్తుంది. మేం అక్కడికీ వెళ్ళాం. ఒకప్పుడది చంపా రాజ్యం. సంస్కృత శాసనాలు వేయించిన రాజ్యం. కొండ మీద పో నగర్ అమ్మవారి గుడి ఉంది. అన్నట్టు, ఆ చంపా రాజ్యంలో ఒక ప్రాంతం పేరేమిటో తెలుసా? అమరావతి! అక్కడ దోంగ్ దువాంగ్ అనే చోట 1911లో దొరికిన కంచు బుద్ధ విగ్రహంలో మన అమరావతి శిల్పం పోలికలున్నాయని పండితులంటారు. ఆ పేరు వినగానే మావారు నిటారుగా కూచున్నారు. చామ్ జాతివాళ్ళు ఇంకా ఆ దక్షిణ తీరంలో ఉన్నారు. వాళ్ళలో హిందువులు గొడ్డుమాంసం తినరు, బానీ ముస్లిములు పందిమాంసం ముట్టరు. ఒకే దేశంలో ఎవరి కట్టుబాటు వారిది.

ఆ పక్కనే నిన్ హ్వా అనే ఊరి నెమ్ నువాంగ్‌కి చాలా పేరు. అది ముక్కల చీకు కాదు. పందిమాంసాన్ని, కొంచెం కొవ్వు కలిపి రోట్లో సాగేట్టు దంచి, పుల్ల చుట్టూ వేలిలా చేత్తో అద్ది, నిప్పుల మీద కాలుస్తారు. హ్యూ అనే పాత రాజధానిలోనైతే వెదురుపుల్లకి బదులు నిమ్మగడ్డి కాడకి అద్దుతారు. ఆ వాసనే వేరు! తినడంలో ఉంది అసలు సరదా. బల్ల మధ్యన పుల్లల గుట్ట, ఆకుల గుట్ట, పచ్చి అరటికాయ చక్రాలు, దోసకాయ, పల్చటి బియ్యపు కాగితాల్లాంటి అప్పడాలు. ఎవరికివారు అప్పడం అరచేతిలో పరుచుకుని, ఆకు వేసి, పుల్లనుంచి మాంసం దూసి పెట్టి, తమలపాకు చిలక చుట్టినంత ఒడుపుగా చుట్టి ముంచుకుని తినాలి. మా తమ్ముడి స్నేహితుడి కుటుంబం మాతో కూచుంది. తినేముందు పిల్లలు ఒక్కొక్క పెద్దవాళ్ళనీ వరసపెట్టి "తినండి నానమ్మా, తినండి అత్తా" అని పిలిచారు. పిలవకుండా ముద్ద ముట్టకూడదట. ఆ నానమ్మగారు తన చేత్తో ఒక చుట్ట చుట్టి, మాంసం లేకుండా ఉత్త ఆకులూ అరటికాయా పెట్టి, నాకందించింది.

మన ఇళ్ళలో ఎంగిలి పట్టింపు మీకు చెప్పక్కర్లేదు. గరిటె కంచానికి తగిలితే మళ్ళీ కడగాలి. నానమ్మగారు అంతకు ముందే అదే చేత్తో తిన్నది, అందరూ ముంచుకున్న గిన్నెలోనే తనూ ముంచుకుంది. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. తర్వాత తీసుకున్నాను, తిన్నాను. ఎంగిలి మంచిదా చెడ్డదా అన్న వాదన నాకొద్దు. ఆరోగ్యం దృష్టితో మన పట్టింపే నయమని ఇప్పటికీ అంటాను. కాని ఆవిడ 1945లో నాలుగేళ్ళ పిల్ల. తమ్ముడి స్నేహితుడు తర్వాత చెప్పాడు, ఆ కరువులో ఆవిడకి మిగిలింది ఒక్క అక్కేనట. తన చేత్తో చుట్టి పరాయిదానికి పెట్టే చెయ్యిని ఎలా వద్దంటాం?

1975 తరవాత పడవలెక్కి దేశం వదిలిన లక్షలాదిమందితో ఈ నెమ్ నువాంగ్ అమెరికా చేరింది. కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ చుట్టుపక్కల వాళ్ళ పెద్ద బజారే ఉంది. 2016 మే 23న అమెరికా అధ్యక్షుడు ఒబామా హనోయిలో ప్లాస్టిక్ పీట మీద కూచుని బున్ చా తిన్నారు. బిల్లు ఆరు డాలర్లు. ఆ తర్వాత ఆ బల్లకీ, గిన్నెలకీ అద్దాల పెట్టె చేయించారు. కుంపటి దగ్గర ఎవరున్నారో మాత్రం నేను చదివిన వార్తల్లో లేదు.

ఆ అద్దాల పెట్టెకి పదేళ్ళ ముందు సంగతి చూడండి. 2008 జులై 1నుంచి హనోయి నగరపాలకులు 62 వీధుల్లో తిరుగుడు అమ్మకాలు నిషేధించారు. రద్దీ తగ్గించాలి, ఊరు శుభ్రంగా కనపడాలి అన్నారు. న్యాయమే కావచ్చు, నడవడానికి చోటుండాలి కదా. కాని ఆ కావళ్ళు మోసేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. ఒకే గదిలో పదిమంది చాపలు పరుచుకుని పడుకుని, నాట్లకీ కోతలకీ ఇంటికెళ్ళొచ్చి, పిల్లల ఫీజులు పంపేవాళ్ళు. పోలీసు బండి కనపడితే కావడి ఎత్తుకుని సందులోకి పరుగు, బండి పోగానే మళ్ళీ పాత చోటికే. 2019లో పందులకి జ్వరం తగిలి ఆ దేశంలో దాదాపు 60 లక్షల పందుల్ని చంపి పూడ్చారు. మాంసం ధర మండిపోయింది. పుల్లకి ఒక ముక్క తగ్గించారేమో గాని, కుంపటి ఆర్పలేదు.

మేం తిరిగి వచ్చే రోజు పొద్దున మళ్ళీ ఆ హనోయి సందుకి వెళ్ళాను. ఇంకా నిప్పు రాజెయ్యలేదు. ఆవిడ కత్తిపీట లాంటిదాని ముందు కూచుని బద్దలు చీలుస్తోంది. పక్కన పదిహేనేళ్ళ పిల్ల, మనవరాలట, ముక్కలు ఇరికిస్తోంది. తమ్ముడి చేత అడిగించాను, ఈ పని ఎన్నాళ్ళనుంచీ అని. "మా అమ్మ చేసేది, ఆవిడ అమ్మ కావడి మోసేది" అంది. మనవరాలికి నేర్పుతున్నావా అంటే, చదువుకుంటోంది, చెయ్యదులే, అయినా తెలిసుండాలి అంది. తర్వాత నన్నడిగింది, మీ ఇంట్లో ఎవరైనా అమ్మేవాళ్ళా, కుంపటి దగ్గర అంతసేపు నిలబడ్డారు అని.

"మా అమ్మమ్మ అట్లు పోసి అమ్మేది" అన్నాను. తమ్ముడు నావంక చూశాడు. వాడికి ఆ సంగతి తెలీదు. వాడు పుట్టేసరికే ఇంట్లో ఆ మాట మూతపడిపోయింది. "ఆవిడకి చెప్పరా" అన్నాను. వాడు కాస్సేపాగి చెప్పాడు. అట్టంటే ఏమిటని ఆవిడ అడిగింది. బియ్యం, మినప్పప్పు నానబెట్టి రుబ్బి అంటూ మొదలెట్టాను. పిల్ల ముక్కలు ఇరికించడం ఆపి వినడం మొదలెట్టింది.